షాపు పేరు ఒకటి, చేప తీరు ఇంకొకటి: మనవాళ్లకి గిట్టని అక్వేరియం చేపలు

కైలాసగిరి_క్యాట్ (ఎంవీపీ కాలనీ)

విశాఖలో అక్వేరియం పెంచేవాళ్లం మనకి గిట్టని చేపల గురించి రాసుకునే చర్చ ఇది. ‘ఆ చేప చెత్త’ అని ఒక ముక్క రాసి పోతే ఎవరికీ ఉపయోగం లేదు. షాపులో ఏ పేరుతో ఇస్తున్నారు, పిల్లగా ఎంత ఉంటుంది, పెరిగాక ఎంతవుతుంది, ట్యాంకులో ఏం పాడుచేస్తుంది, ఎందుకు పాడుచేస్తుంది, ఇవి రాయండి. కొలతలు అడుగుల్లో రాసినా ఫర్వాలేదు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 2×1×1లో 45–50 లీటర్ల నీళ్లు పడతాయి. 3×1.25×1.5లో 140 దాకా, 4×1.5×1.5లో 225 దాకా.

మొదటిది నేనే పెడతా: సక్కర్ ఫిష్. ‘నాచు తినేస్తుంది, ట్యాంకు అద్దంలా ఉంటుంది’ అని రెండంగుళాల పిల్లని కవర్లో వేసి ఇస్తారు. అది టెరిగోప్లిక్తిస్ జాతి. తిండి బాగా పడితే రెండేళ్లలో అడుగు దాటుతుంది, అక్కడా ఆగదు, అడుగున్నర వరకూ పోతుంది. 2×1×1లో అది వెనక్కి తిరగడానికే చోటుండదు. పైగా పిల్లగా ఉన్నప్పుడే నాచు మీద మోజు. పెద్దదయ్యాక గోల్డ్ ఫిష్‌కి వేసిన గుళికలే దానికీ కావాలి.

బుడగ (అక్కయ్యపాలెం)

నాచు కోసం సక్కర్ని కొనడమంటే చీమల కోసం ఏనుగుని తెచ్చుకోవడమే. అది తినే నాచు కంటే వదిలే పెంట ఎక్కువ. పొద్దున్నే చూడండి, అడుగున దారాలు దారాలుగా పడి ఉంటుంది. ఆ పెంట కుళ్లి నైట్రేట్ పెరుగుతుంది, నైట్రేట్ పెరిగితే మళ్లీ నాచు. ‘సక్కర్ ఉన్నా నాచు తగ్గట్లేదేంటి’ అని అడిగేవాళ్లకి జవాబు అదే.

ఇంకోటి. రాత్రి లైటు ఆపాక గోల్డ్ ఫిష్, ఏంజెల్, డిస్కస్ లాంటి వెడల్పాటి చేపల పక్కలకి అంటుకుని ఒంటి మీది జిగురు పొర గీకుతుంది. పగలు చూస్తే పొలుసులు ఊడిన గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఫంగస్ అనుకుని మందు పోస్తారు. మచ్చ గుండ్రంగా, పక్కల మీదే, ఎప్పుడూ తెల్లారేసరికి కనిపిస్తోందంటే మందు కాదు, ముందు సక్కర్ని తీయండి.

మధురవాడ_మాలీ

షాపులో పిల్లని చూసి అది పెద్దయ్యే రకమో, చిన్నగా ఉండే బ్రిసిల్‌నోస్ రకమో చెప్పగలమా? రెండింటినీ ఒకే తొట్టిలో ‘సక్కర్’ అనే ఉంచుతున్నారు.

కైలాసగిరి_క్యాట్ (ఎంవీపీ కాలనీ)

చెప్పొచ్చు. వీపు మీది రెక్క విప్పినప్పుడు అందులో పుల్లలు లెక్కపెట్టండి. ముందుండే గట్టి ముల్లు వదిలేసి పది, అంతకు మించి ఉంటే అడుగున్నర పెరిగే రకం. ఏడు ఉంటే బ్రిసిల్‌నోస్ అయ్యే అవకాశం ఎక్కువ. తల వెడల్పుగా, చప్పిడిగా ఉందేమో కూడా చూడండి. చేప రెక్క విప్పకపోతే ఫోన్లో వీడియో తీసి, రెక్క లేపిన క్షణం దగ్గర ఆపి లెక్కపెట్టుకోవచ్చు. బ్రిసిల్‌నోస్ నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, మూడడుగుల ట్యాంకుకి ఒకటి చాలు. గీక్కోవడానికి ఒక చెక్క ముక్క, వారానికి రెండుసార్లు రాత్రిపూట సొరకాయో కీరదోసో ఒక చక్రం. తెల్లారాక మిగిలింది తీసేయండి, మన ఎండల్లో మధ్యాహ్నానికి నీళ్లు పాలలా అయిపోతాయి.

అసలు నాచు సంగతికి వస్తే లైటు ఆరేడు గంటలు మించకుండా టైమర్ పెట్టండి. కిటికీ ఎండ ట్యాంకు మీద పడకుండా చూడండి. వారానికి మూడోవంతు నీళ్లు మార్చండి. అద్దం మీద పచ్చ పొరని పాత ఏటీఎం కార్డుతో గీకితే రెండు నిమిషాల పని. దీనికి చేపని నౌకరీలో పెట్టడం దేనికి?

ఎర్రతోక (కంచరపాలెం)

‘గోల్డెన్ సక్కర్’ అని పసుప్పచ్చది ఒకటి ఇస్తన్నారు కదండీ, అది ఇంకా దొంగది. అదసలు సక్కర్ కాదు, చైనీస్ ఆల్గే ఈటర్. పిల్లప్పుడు బుద్ధిగా నాచు గీకుతాది. నాలుగంగుళాలు దాటాక కనపడిన ప్రతి చేపనీ తరుముతాది, నెమ్మదిగా ఈదేవాటి ఒళ్లు పీలుస్తాది. పది అంగుళాల దాకా ఎదుగుతాది. రకరకాల చేపలు కలిపి ఉంచే కమ్యూనిటీ ట్యాంకులో దానికి చోటు నేదు.

నిజంగా నాచు తినేది సయామీస్ ఆల్గే ఈటర్. గుర్తు ఏటంటే, నల్ల చార ముక్కు దగ్గర మొదలై తోక రెక్క చివరి దాకా ఆగకుండా పోవాల. చార తోక మొదట్లోనే ఆగిపోయినా, అంచులు వంకర్లుగా ఉన్నా అది వేరే చేప. ఇదీ ఆరంగుళాలు అవుతాది, కాబట్టి నాలుగడుగుల ట్యాంకు ఉంటేనే.

గాజువాక_గౌరామి

ఇక అన్నిటికంటే పెద్ద మోసం ‘షార్క్’. వెండి రంగులో, నల్ల రెక్కలతో, మూడంగుళాల పిల్లలు గుంపుగా తిరుగుతూ ఉంటే పిల్లలు అడక్క ఏం చేస్తారు? అది షార్కూ కాదు, సముద్రానిదీ కాదు. మెకాంగ్ నది క్యాట్‌ఫిష్. కైకలూరు, ఏలూరు వైపు చెరువుల్లో పెంచి లారీలకెత్తే పంగాసియస్ ఇదే. మన మార్కెట్లో ‘ఫంగస్’ అని పిలిచే చేప, అక్వేరియం షాపులో ‘షార్క్’ అయిపోయింది. చెరువులో ఏడాదిలోపే కిలో దాటే చేపని రెండడుగుల గాజు పెట్టెలో ఎలా ఉంచుతారు? ఏటిలో అయితే నాలుగడుగుల దాకా కూడా పెరగ్గలదు.

‘ట్యాంకు చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుంది’ అని షాపులో చెప్పేది సగం నిజమే. పెరుగుదల ఆగేది నీళ్లు పాడై, తిరిగే చోటు లేక. వెన్ను వంగుతుంది, కళ్లు బయటికి పొడుచుకొస్తాయి. దీనికి చూపు అంతంతమాత్రం, బెదురు ఎక్కువ. లైటు టక్కున ఆపినా, ఎవరైనా అద్దం తట్టినా దూసుకెళ్లి గాజుకి కొట్టుకుంటుంది. ముక్కు చితికి, ఆ పుండు తెల్లబడి, దాంట్లోనే పోతుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే గదిలో లైటు వెలుగుతుండగానే ట్యాంకు లైటు ఆపండి, గది లైటు అరగంట తర్వాత ఆపండి. మూత బరువుగా ఉండాలి.

బుడగ (అక్కయ్యపాలెం)

దాని తమ్ముడు ‘రెడ్ బెల్లీ పిరానా’. చేపల బజార్లో కిలోల లెక్కన అమ్మే రూప్‌చంద్ పిల్లకి అక్వేరియంలో పెట్టిన పేరు అది. నోరు చూస్తే తెలిసిపోతుంది. పిరానాకి కింది దవడ ముందుకు వచ్చి, పళ్లు మొనదేలి త్రికోణాల్లా ఉంటాయి. రూప్‌చంద్ పళ్లు మన దంతాల్లా పలకగా ఉంటాయి, గింజలూ కాయలూ నమలడానికి. వేళ్లు తినేస్తుందని భయపెట్టి డబ్బులు గుంజుతారు గానీ దానికి కావాల్సింది పాలకూర. అడుగున్నర చేప. అక్వేరియం మొక్కలున్న ట్యాంకులో వేస్తే వారంలో కాడలే మిగుల్తాయి.

మధురవాడ_మాలీ

టైగర్ బార్బ్ ఇంకా ఎవరూ రాయలేదేంటి? గప్పీల తోకలు, ఏంజెల్ మీసాల్లాంటి రెక్కలు, బెట్టా పైట, ఏదీ మిగల్చదు. నా లెక్కలో అదే మొదటి ముద్దాయి.

ఎర్రతోక (కంచరపాలెం)

అది చేప తప్పు కాదండీ, లెక్క తప్పు. షాపువాడు రెండో మూడో ఇస్తాడు. టైగర్ బార్బ్‌లు గుంపులో ఎవడు పెద్దో తేల్చుకోడానికి ఎప్పుడూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. గుంపు చిన్నదైతే ఆ కసి పక్క చేపల మీదకి పోతాది. ఎనిమిది, పది ఉండాల, అదీ 3×1.25×1.5 ట్యాంకులో. అప్పుడు తగువులన్నీ వాటిలో వాటికే. మగవాటి ముక్కు ఎర్రగా నిప్పులా ఉంటాది, అది చూసి ఆడవి ఎక్కువ వచ్చేలా ఎంచుకుంటే ఇంకా నెమ్మది.

మధురవాడ_మాలీ

పది పెట్టినా గప్పీలతో కలిపి పెట్టకూడదు కదా, మాస్టారూ. మీరు చెప్పింది చదివి ఎవరైనా పది బార్బ్‌లూ ఒక ఏంజెలూ తెస్తే?

ఎర్రతోక (కంచరపాలెం)

అది ఒప్పుకుంటా. గుంపు పెరిగితే కొరుకుడు తగ్గుతాది గానీ పోదు. పొడవాటి రెక్కలున్నవి, నెమ్మదిగా ఈదేవి, గౌరామి లాగ ముందుకి మీసం చాపేవి, ఏవీ వద్దు. జెయింట్ డానియో, రోజీ బార్బ్ లాంటి చురుకైనవి పర్లేదు. రెక్క చిరిగిన చేపని అదే ట్యాంకులో ఉంచి మందు వేయడం దండగ, మళ్లీ అదే చోట కొరుకుతాయి. వేరే తొట్టి, శుభ్రమైన నీళ్లు, రోజూ పావు వంతు మార్పు. రెక్క మొదలు దాకా తెగిపోకపోతే తిరిగి వస్తాది.

సింహాద్రి_సిక్లిడ్ (గోపాలపట్నం)

ఫ్లవర్‌హార్న్‌ని ఎవరో ఒకరు తిడతారని తెలుసు, నేనే మొదలుపెడతా. గిట్టనివాళ్ల అభ్యంతరాలు మూడు. ఒకటి, ప్రకృతిలో లేని సంకరం, 1990ల్లో మలేషియాలో తయారైంది. రెండు, వాస్తు పేరుతో ధర పెంచడం. మూడు, దేనితోనూ కలవదు. మొదటి రెండూ మనుషుల మీద ఫిర్యాదులు. మూడోది నిజం. 4×1.5×1.5లో ఒక్కటే ఉండాలి. జత కోసం రెండోదాన్ని వేస్తే మధ్యలో అద్దం పలక ఉండాల్సిందే.

పాడయ్యేది ఎక్కువగా తిండి దగ్గర. నుదుటి బొడిపె పెరగాలని కోడి గుండె, లివర్ ముక్కలు వేస్తారు. ఆ కొవ్వు దానికి అరగదు. పొట్ట ఉబ్బుతుంది, తెల్లటి పెంట వేలాడుతుంది. వారానికి 40 శాతం నీళ్లు మార్చకపోతే నైట్రేట్ పెరిగి, తల మీద సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. ఆ గుంటలకి మందు వెతికే ముందు నైట్రేట్ కొలవండి, 40 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) లోపు ఉంచండి. గాజు హీటర్ని తోకతో కొట్టి పగలగొట్టగలదు కాబట్టి తొడుగున్న హీటర్ కావాలి. నిజానికి విశాఖలో మార్చి నుంచి అక్టోబరు దాకా హీటర్ తీసి అటక మీద పెట్టుకోవచ్చు.

గాజువాక_గౌరామి

ప్యారట్ ఫిష్ మాత్రం నా వల్ల కాదు గురూ. తైవాన్‌లో పుట్టిన సంకరం. నోరు నిలువు చీలికలా ఉండి పూర్తిగా మూసుకోదు, కొరకలేదు, గొంతులోని పళ్లతోనే నలుపుకోవాలి. అలాంటి చేప మీద గుండె బొమ్మలు, అక్షరాలు టాటూ వేయడం ఒకటి. ‘హార్ట్ ప్యారట్’ అని తోక కోసేసి అమ్మడం ఇంకొకటి. ఇప్పటికే ఉన్నవాళ్లు రెండు మిల్లీమీటర్ల లోపు, మునిగే రకం గుళికలు వేయండి. పైన తేలేవి పట్టుకోలేక గాలి మింగుతుంది, తర్వాత తలకిందులుగా తేలుతుంది.

గులాబీ, నీలం చారలున్న గ్లాస్ ఫిష్ కూడా అంతే. అది మన దేశపు చెరువుల చేప, ఒళ్లంతా అద్దంలా ఉంటుంది. ఆ అందం చాలనట్టు సూదితో రంగు ఎక్కిస్తారు. సూది పోట్లతో చాలావరకు షాపు చేరకముందే పోతాయి, బతికినవాటికి రంగు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. గ్లో టెట్రాలకి కూడా ఇలాగే ఎక్కిస్తున్నారు.

కైలాసగిరి_క్యాట్ (ఎంవీపీ కాలనీ)

చివరి వాక్యం సరిచేయాలి. గ్లో చేపలకి రంగు ఎక్కించరు, అది జన్యువులోనే ఉంటుంది, పిల్లలకీ వస్తుంది. అమెరికాలో 2003 చివర్లో ఇలాంటి జీబ్రా డానియోలు అమ్మకానికి వచ్చాయి. జన్యుమార్పు నచ్చదంటే అది వేరే వాదన, సూదిపోటుతో కలపకండి. తేడా తెలియాలంటే గదిని చీకటి చేసి నీలం లైటు వేయండి. జన్యువు రంగు రెక్కల మొదళ్ల దాకా ఒకేలా మెరుస్తుంది. లేత రంగుల్లో ‘కలర్ విడో’ అని వచ్చేవి చాలావరకు రంగులో ముంచినవో, రంగు ఎక్కించినవో. ఏ రంగైనా విడో టెట్రా రెక్కలు కొరికే చేపే, అది మర్చిపోవద్దు.

బుడగ (అక్కయ్యపాలెం)

గోల్డ్ ఫిష్ గిన్నె. పాత సంగతే గానీ మన ఊరి లెక్కలో చెప్తా. అది చల్లటి నీళ్ల చేప, 18 నుంచి 24 డిగ్రీలు దానికి సుఖం. విశాఖలో మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు 31–32కి పోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 32 దగ్గర 7.3 మాత్రమే. అటు చేపకి ఊపిరి అవసరం పెరుగుతుంది, ఇటు గాలి తగ్గుతుంది. చేపల పెంట నుంచి వచ్చే అమ్మోనియా విషం కూడా వేడితో, పీహెచ్‌తో (నీళ్ల ఆమ్ల–క్షార కొలత) పాటే పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషమయ్యేది ఒక శాతం లోపు. అదే పీహెచ్ 8లో 7 శాతం దాటుతుంది. బోరు నీళ్లు వాడేవాళ్లు ముందు పీహెచ్ చూసుకోండి.

ఫ్యాను నీళ్ల మీదకి పెడితే చల్లబడుతుందని అంటారు. నిజమే, కానీ మనది సముద్రం గాలి, తేమ ఎక్కువ. లోపలి ఊళ్లలో మూడు నాలుగు డిగ్రీలు దిగితే ఇక్కడ ఒకటో రెండో. ఐసు సీసాలు వేస్తే పొద్దునా సాయంత్రం ఊయలూగినట్టు వేడి మారి తెల్ల మచ్చల రోగం వస్తుంది. ఒరాండా రకం గోల్డ్ ఫిష్ ఒక్కటికి 80 లీటర్లు, ఆ పైన ప్రతిదానికీ ఇంకో 40, రెండు ఎయిర్ స్టోన్లు, ఏసీ గది. లేదంటే గోల్డ్ ఫిష్ మాట మర్చిపోండి. హుద్‌హుద్ లాంటి తుఫానొచ్చి రోజుల తరబడి కరెంటు పోతే మొదట తేలేది అదే, కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు, రెండు జతల సెల్లులు దగ్గరుంచుకోండి.

మధురవాడ_మాలీ

వేడి మాటొచ్చింది కాబట్టి, డిస్కస్, రామ్ సిక్లిడ్‌లకి 28–30 కావాలి. ‘కష్టమైన చేపలు’ అని దూరం పెట్టేవాళ్లు ఇక్కడ ఆ భయం సగం తగ్గించుకోవచ్చు. నీళ్ల శుభ్రం సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

నేను దూరం పెట్టేది డ్వార్ఫ్ గౌరామి. ఫారాల నుంచి వచ్చేవాటికి ఇరిడోవైరస్ ఉండొచ్చు. రంగు వెలిసి, మూలకి చేరి, పొట్ట ఉబ్బి, ఒంటి మీద పుండు పడితే మందు లేదు. కొత్తదాన్ని కనీసం నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. 40 లీటర్లు, ఒక స్పాంజి ఫిల్టర్, దాని వల, గొట్టం దానికే. లేదా హనీ గౌరామి తెచ్చుకోండి, అంత మెరుపుండదు గానీ గట్టిది.

గాజువాక_గౌరామి

గంబూసియా కూడా రాసుకోండి. దోమల లార్వా తినడానికి బావుల్లో, కాలువల్లో వదిలే చేప, 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. చూడ్డానికి ఆడ గప్పీలాగే ఉంటుంది, ఎవరో పట్టుకొచ్చి ట్యాంకులో వేస్తారు. చిన్న చేపే గానీ తన కంటే పెద్ద చేపల తోకలు కొరుకుతుంది, పిల్లల్ని మిగల్చదు.

సాగర్‌తీరం_సంప్ (పెదవాల్తేరు)

ఉప్పునీళ్ల వైపు ఒక్కటే: డామ్సెల్. డామినో, మూడు చారలది. చవక, గట్టిది, అందుకే కొత్త ట్యాంకు సైకిల్ చేయడానికి, అంటే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా పెరగడానికి, వేయమంటారు. నెలయ్యాక అసలు కావాల్సిన క్లౌన్ ఫిష్‌ని తెస్తే అప్పటికే రాళ్లన్నీ డామ్సెల్ సొంతం, కొత్తదాన్ని రెండు రోజుల్లో చంపేస్తుంది. తీద్దామంటే రాళ్ల సందులోకి పోతుంది, రాళ్లన్నీ పీకితే గానీ దొరకదు. చేప లేకుండానే సైకిల్ చేయండి. అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియా 2 పీపీఎంకి తెచ్చి, అది, నైట్రైటూ రెండూ ఒక రోజులో సున్నాకి దిగేదాకా ఆగాలి. ఇప్పటికే డామ్సెల్ ఉంటే రెండు లీటర్ల సీసా మెడ కోసి తిరగేసి లోపలికి దూర్చండి, అడుగున తిండి పెట్టండి, ముందు రోజు ఉపవాసం ఉంచండి. మిగతావాటి కంటే ముందు దూరేది అదే.

ఎర్రతోక (కంచరపాలెం)

ఇవన్నీ తీసేస్తాం సరే, తీసినవి ఏటి చేయాల? ముడసర్లోవ రిజర్వాయర్లో వదిలేస్తే పుణ్యం అనుకునేవోళ్లు ఉన్నారు.

కైలాసగిరి_క్యాట్ (ఎంవీపీ కాలనీ)

ముడసర్లోవైనా, మేఘాద్రిగెడ్డైనా, కొండకర్ల ఆవైనా వదలకూడదు. సక్కర్ ఇప్పటికే తూర్పు కనుమల నీళ్లలో బాగా పాకిందని హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్లు నీళ్లలోని డీఎన్‌ఏ పరీక్షించి తేల్చారు. గట్లలో బొరియలు చేస్తుంది, జాలర్ల వలలు చింపుతుంది, ఆ గట్టి చర్మం వల్ల దాన్ని తినే చేపలు తక్కువ. తడి ఉంటే నీళ్ల బయట కూడా గంటల తరబడి బతుకుతుంది.

ముందు షాపుకి తిరిగివ్వండి, డబ్బు అడక్కుండా ఇస్తే చాలామంది తీసుకుంటారు. లేదా ఇక్కడే ‘ఉచితం’ విభాగంలో కొలతతో సహా పెట్టండి, ఇంట్లో సిమెంటు తొట్లున్నవాళ్లు పట్టుకెళ్తారు. ఏదీ కుదరకపోతే, బతికే దారి లేని జబ్బు చేపైతే, లవంగ నూనె. మెడికల్ షాపులో పంటి నొప్పికి ఇచ్చేదే. చిన్న సీసాలో ట్యాంకు నీళ్లు పోసి, నూనె వేసి, పాలలా తెల్లబడేదాకా గిలకొట్టాలి, లేకపోతే నూనె పైనే తేలుతుంది. మొదట లీటరుకి రెండు మూడు చుక్కల లెక్కన. చేప పక్కకి ఒరిగాక మిగతాది పోసి లీటరుకి మొత్తం ఎనిమిది చుక్కలకి తేవాలి, అంటే సుమారు 0.4 మి.లీ. మొప్పల కదలిక ఆగాక ఇంకో అరగంట అలాగే ఉంచండి. టాయిలెట్‌లో వేయడం, ఫ్రీజర్‌లో పెట్టడం వద్దు.

సింహాద్రి_సిక్లిడ్ (గోపాలపట్నం)

అడుగు సక్కర్ని షాపుకి తీసుకెళ్లాలంటే ఎలా పట్టాలి? వలలో చిక్కుకుంటే రావట్లేదని అడిగేవాళ్లు ఎక్కువ.

బుడగ (అక్కయ్యపాలెం)

వల వాడకూడదు. వీపు ముల్లు, పక్క ముళ్లు లేపి బిగిస్తుంది, దారాల్లో ఇరుక్కుంటే లాగకండి, కత్తెరతో వలనే కోయండి. ముందు రోజు తిండి ఆపండి. నీళ్లు సగానికి దించి, ప్లాస్టిక్ డబ్బా నీళ్లలోనే ఉంచి, అట్ట ముక్కతో అందులోకి నెట్టండి. పాలిథిన్ కవర్లు ముళ్లకి చిరిగిపోతాయి. 20 లీటర్ల పెయింటు డబ్బా, బాగా కడిగింది, మూడోవంతు ట్యాంకు నీళ్లు, మూతకి నాలుగు చిల్లులు. మూతని తాడుతో కట్టండి, ఆటో సింహాచలం ఘాటీ దాటేలోపు అది నెట్టుకుని బయటికి వచ్చేస్తుంది.